విశ్వాసి ఇంట ఆతిథ్యం: ఎవరిని పిలవాలి, ఎలా చేర్చుకోవాలి

ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం గేటు దగ్గర కాసేపు నిలబడి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చుట్టాలు చుట్టాలతో మాట్లాడుకుంటారు. ఒక వీధివాళ్ళంతా ఒకే ఆటో ఎక్కుతారు. హాస్టల్లో ఉండి చదువుకునే నర్సింగ్ అమ్మాయి, పిల్లలంతా విదేశాల్లో స్థిరపడిన పెద్దాయన, ఇంట్లో ఇష్టం లేకపోయినా ఆరాధనకు వస్తున్న కొత్త విశ్వాసి మాత్రం "వందనాలండి" అని చెప్పి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. అలాగని తెలుగు సంఘాల్లో విందులకు తక్కువేమీ లేదు. క్రిస్మస్ బిర్యానీ, కృతజ్ఞత కూడిక, గృహప్రవేశ ప్రార్థన, పెళ్ళి భోజనం, ఏదైనా ఘనంగానే చేస్తాం. కానీ ఆ విస్తళ్ళ ముందు కూర్చునేది చాలావరకు మనవాళ్ళే, రేపు మనల్ని తిరిగి పిలవగలిగినవాళ్ళే.

అపొస్తలుడైన పౌలు తిమోతికి రాస్తూ, సంఘ అధ్యక్షుడికి ఉండాల్సిన లక్షణాల్లో బోధించే సామర్థ్యం పక్కనే అతిథిప్రియత్వాన్ని కూడా చెప్పాడు (1 తిమోతి 3:2). రోమా సంఘానికి రాసినప్పుడైతే విశ్వాసులందరికీ అదే ఆజ్ఞ ఇచ్చాడు (రోమా 12:13). కాబట్టి ఇది తీరిక, డబ్బు ఉన్నవాళ్ళకు వదిలేసే పని కాదు. రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నా చేయవచ్చు. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వరుసగా చెప్తాను.

1. ముందు పేర్లు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, గత ఏడాదిలో మీ ఇంట భోజనం చేసినవాళ్ళ పేర్లు గుర్తున్నంతవరకు రాయండి. తర్వాత లూకా 14:12-14 తీసి చదవండి. భోజనం పెట్టేటప్పుడు స్నేహితులను, బంధువులను, ధనవంతులైన పొరుగువాళ్ళను పిలవద్దని, తిరిగి పిలవలేని బీదలను పిలవమని యేసు ప్రభువు చెప్పిన మాటలు అక్కడ ఉన్నాయి. చుట్టాలకు ఎప్పుడూ అన్నం పెట్టొద్దని దాని అర్థమని నేను అనుకోను. కానీ మన జాబితాలో చుట్టాలు తప్ప ఇంకెవరూ లేకపోతే ఆ మాట మనకే తగులుతుంది.

ఇప్పుడు కాగితం రెండోవైపు తిప్పి, మీ చుట్టుపక్కల ఒంటరిగా తినేవాళ్ళెవరో రాయండి. హాస్టల్ పిల్లలు, భర్త పోయిన స్త్రీలు, బాప్తిస్మం తీసుకున్నందుకు ఇంటివాళ్ళు మాట్లాడటం మానేసిన యువకుడు, అపార్ట్‌మెంటు కింద గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం, ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికి వచ్చి తెలుగు సరిగా రాని కూలీలు. వాళ్ళు క్రైస్తవులేనా అన్న ప్రశ్న ఇక్కడ అక్కర్లేదు. "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" (మత్తయి 25:35) అన్నప్పుడు ప్రభువు ఆ పరదేశి ఏ సంఘ సభ్యుడో చెప్పలేదు.

ఇందులోంచి ఒక్క పేరుతో మొదలుపెట్టండి. పదిమందిని ఒకేసారి పిలిచి, అలసిపోయి, మళ్ళీ ఏడాది దాకా తలుపు తీయకపోవడం కంటే నెలకు ఒక్కరిని పిలవడం మేలు.

2. ఇంట్లో మాట్లాడుకోండి

మన ఇళ్ళల్లో ఆతిథ్యం ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. ఆయన మందిరం దగ్గర ఉదారంగా "మా ఇంటికి భోజనానికి రండి" అనేస్తాడు. ఉదయం ఐదింటికి లేచి వంట చేసేది, అందరికీ వడ్డించి చివర్లో చల్లారిన అన్నం తినేది, సాయంత్రం గిన్నెలు తోమేది ఆమె. ఆ తర్వాత ఆమె సణిగితే "సణుగుకొనకుండ ఆతిథ్యము చేయుడి" అని 1 పేతురు 4:9 గుర్తుచేస్తారు. ఆ వచనం ముందు వర్తించాల్సింది పని పంచుకోనివాళ్ళకు.

అబ్రాహాము ఏం చేశాడో ఆదికాండం 18లో చూడండి. ఎండవేళ గుడారం ద్వారం దగ్గర కూర్చున్నవాడు ముగ్గురు మనుషులు కనబడగానే పరుగెత్తి ఎదురు వెళ్ళాడు. మూడు మానికల పిండి పిసికి రొట్టెలు చేయమని శారాకు చెప్పాడు. ఆమెకు ఆ పని అప్పగించి తను కూర్చోలేదు. పశువుల మందకు పరుగెత్తి దూడను తనే ఏరి తెచ్చాడు. వాళ్ళు తింటున్నంతసేపు చెట్టు కింద వాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అప్పటికి ఆయన వయసు తొంభై తొమ్మిది. మన ఇళ్ళల్లో మగవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

కాబట్టి పిలవక ముందే భార్యాభర్తలు నాలుగు విషయాలు తేల్చుకోవాలి: ఏ రోజు, ఎంతమంది, ఎంత ఖర్చు, ఎవరు ఏ పని. షూనేము స్త్రీ కూడా ప్రవక్త ఎలీషా కోసం మేడ మీద గది కట్టించే ముందు భర్తతో మాట్లాడింది (2 రాజులు 4:9-10). రోజు ఖాయం చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. నెలలో రెండో ఆదివారం అనుకుంటే, ఆ వారం బజారుకు ఎవరు వెళ్ళాలి, పిల్లల్లో ఎవరు కంచాలు పెట్టాలి, ఎవరు మంచినీళ్ళు పట్టాలి అన్నది అలవాటుగా జరిగిపోతుంది. గిన్నెలు తోమే పని ఇంటి యజమాని తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పిల్లలు అది చూస్తారు.

3. స్పష్టంగా పిలవండి

"ఎప్పుడైనా ఇటువైపు వస్తే రండి" అంటే ఎవరూ రారు. ఎదుటివాళ్ళు కాస్త బిడియస్తులైతే అసలే రారు. ఇలా చెప్పండి: "ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మాతోపాటే ఇంటికి రండి. భోజనం చేసి కాసేపు కూర్చుని వెళ్దురుగాని. సాయంత్రం మావాడు బండి మీద దింపుతాడు." రోజు, వేళ, వెళ్ళే దారి, తిరిగి చేరే దారి, నాలుగూ అందులో ఉన్నాయి. ఒంటరి ఆడపిల్లను పిలిచేది ఇంట్లోని స్త్రీలే కావాలి. దింపడానికి కూడా ఇద్దరు వెళ్ళాలి.

మొదటిసారి "వద్దులెండి, మీకెందుకు శ్రమ" అంటారు. అది మన మర్యాద. ఇంకోసారి అడగండి. ఫిలిప్పీలో లూదియ పౌలును, అతని తోటివాళ్ళను తన ఇంటికి రమ్మని బలవంతపెట్టింది (అపొస్తలుల కార్యములు 16:15). మూడోసారి కూడా వద్దంటే వదిలేయండి. వాళ్ళ ఇబ్బందేమిటో మనకు తెలియదు.

ఏం తింటారో ముందే అడగండి. షుగరు, బీపీ ఉన్నాయా, మాంసం తింటారా, ఏ మాంసం తినరు అని. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు చిన్నప్పటినుంచి తినని మాంసాన్ని వాళ్ళ కంచంలో వేసి విశ్వాసానికి పరీక్షలా చూడటం చాలా తప్పు. ఆహారం విషయంలో సహోదరుణ్ణి నొప్పించవద్దని పౌలు రోమా 14లో విడమర్చి చెప్పాడు.

"ఏమీ తేకండి" అని చెప్పండి. అయినా అరడజను అరటిపళ్ళో బిస్కెట్ ప్యాకెట్టో తెస్తే సంతోషంగా అందుకుని, అందరి మధ్యా పెట్టండి. బీదవాళ్ళు తెచ్చినదాన్ని వద్దని వెనక్కిస్తే, "నువ్వు తీసుకోవాల్సినవాడివే, ఇవ్వాల్సినవాడివి కాదు" అని చెప్పినట్టవుతుంది.

4. వంట తగ్గించండి

లూకా 10లో మార్త ఇంట్లో జరిగింది మనందరికీ తెలుసు. ఆమె పనిచేసినందుకు ప్రభువు తప్పుపట్టలేదు. అనేకమైన పనుల గురించి విచారపడుతూ తొందరపడుతున్నందుకు మందలించాడు. మన వంటగదుల్లో ఆ అనేకం అంటే రెండు రకాల బిర్యానీ, నాలుగు కూరలు, స్వీటు, హాటు. అవన్నీ చేస్తే అతిథితో మాట్లాడటానికి ఓపిక మిగలదు. పైగా ఆ అతిథికి "మనం వీళ్ళను ఎప్పటికీ పిలవలేం" అన్న భయం పడుతుంది.

పప్పుచారు, ఒక వేపుడు, ఒక పచ్చడి, అప్పడాలు, పెరుగు చాలు. మాంసం పెట్టాలనిపిస్తే కోడికూర ఒక్కటే చేసి మిగతావి తగ్గించండి. కిలో బియ్యం వండితే ఏడెనిమిదిమంది పెద్దవాళ్ళకు వస్తుంది. పప్పుచారుకు పావుకిలో కందిపప్పు సరిపోతుంది. పప్పు ఉడకబెట్టడం, కూరగాయలు తరగడం శనివారం రాత్రే చేసేస్తే, ఆరాధన నుంచి వచ్చాక అన్నం వండి పోపు పెట్టుకోవడమే మిగులుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు ఆరాధన సగంలో లేచి వంటకు పరుగెత్తాల్సి వస్తే మీరు వంటకాలు ఎక్కువ పెట్టుకున్నారన్నమాట.

డబ్బు లేనివాళ్ళ సంగతి? సారెపతు విధవరాలి దగ్గర తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె ఉన్నాయి (1 రాజులు 17). ప్రవక్త ఏలీయాకు ముందు ఒక చిన్న అప్పమే చేసిపెట్టింది. మీ దగ్గర టీ, రెండు బిస్కెట్లు ఉంటే వాటితోనే పిలవండి. అప్పు చేసి విందు పెట్టడం ఆతిథ్యం కాదు. ఆ అప్పు తీర్చేటప్పుడు అతిథి మీదే విసుగు పుడుతుంది.

లెంట్ రోజుల్లో మీరు ఉపవాసం ఉండగా ఎవరైనా వస్తే ఏం చేయాలి? ఇటలీలో 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే సన్యాసి తన మఠానికి రాసిన నియమావళి దీనికి జవాబిస్తుంది. అతిథి వస్తే మఠాధిపతి, అది తప్పక పాటించాల్సిన ఉపవాస దినమైతే తప్ప, తన ఉపవాసం విడిచి అతిథితో కలిసి తినాలి. మీ ఉపవాసం సంగతి అతిథికి చెప్పి, అతని ఎదుట ఖాళీ కంచంతో కూర్చోకండి.

5. అందరూ ఒకే బంతిలో

ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన నేలలో భోజనం ఎప్పుడూ ఉత్త భోజనం కాదు. ఎవరు ఎవరి ఇంట నీళ్ళు తాగుతారు, ఎవరి కంచం విడిగా ఉంటుంది, ఎవరు గుమ్మం బయట కూర్చుంటారు అన్నదానిలోనే కులం బతుకుతుంది. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. బాధేమిటంటే, ఆ అవమానాన్ని భరించిన కుటుంబాలతోనే ఎక్కువగా నిండిన మన సంఘాల్లో కూడా ఈ పేటవాళ్ళు ఆ పేటవాళ్ళ ఇంట తినరు. సంస్కారపు రొట్టె ఒకే బల్ల దగ్గర అందుకున్నవాళ్ళు పప్పన్నం దగ్గర విడిపోతారు.

ఈ గొడవ కొత్తది కాదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోజనం చేస్తూ ఉండి, యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు అతణ్ణి అందరి ఎదుటా నిలదీశాడు (గలతీ 2:11-14). భోజనం బల్ల దగ్గర నుంచి లేచిపోవడాన్ని పౌలు మర్యాద లోపంగా చూడలేదు, సువార్త సత్యానికి విరుద్ధమన్నాడు. కొరింథులో ప్రభువు బల్ల దగ్గరే ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. అక్కడా అంతే గట్టిగా రాశాడు (1 కొరింథీ 11).

మన దోర్నకల్ చరిత్రలోనూ ఇలాంటి మాట ఒకటి ఉంది. వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మిషనరీలు తమ ఆస్తులను, ప్రాణాలను ఇచ్చారు సరే, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. తెల్ల మిషనరీలకు, వాళ్ళతో పనిచేసే భారతీయులకు మధ్య ఉన్న దూరాన్ని అందరి ముందూ పెట్టిన ప్రసంగం అది. రెండేళ్ళకు, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మంచి పని చేస్తూనే మనిషిని దూరం పెట్టవచ్చని ఆ ప్రసంగం చూపించింది. నేడు మనం పేదలకు దుప్పట్లు పంచి, వాళ్ళను సోఫా మీద కూర్చోమనకపోతే మన మీదా అదే ఆరోపణ నిలుస్తుంది.

ఇక చేయాల్సింది. ఇంట్లో అందరూ వాడే కంచాలు, గ్లాసులే అతిథికీ పెట్టండి. వాచ్‌మన్‌కు పేపరు ప్లేటు, పాస్టరుగారికి పింగాణీ ప్లేటు అన్న తేడా రాకూడదు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మురికి బట్టలవాణ్ణి పాదపీఠం దగ్గర కూర్చోమనడం యాకోబు పత్రిక 2వ అధ్యాయం తిట్టిన తప్పు. కుర్చీలు చాలకపోతే అందరూ చాప మీదే కూర్చోండి. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుంటే వడ్డించేవాళ్ళు నిలబడాల్సిన పని ఉండదు, ఇంటి ఆడవాళ్ళు కూడా అదే బంతిలో తింటారు. పేదవాడు తినేటప్పుడు పైన నిలబడి చూడకండి, ఫొటో తీయకండి.

బెనెడిక్ట్ నియమావళిలోనే ఇంకో మాట ఉంది. పేదలను, యాత్రికులను మరీ శ్రద్ధగా చేర్చుకోవాలట, ఎందుకంటే ధనవంతులకు జనం భయంతో ఎలాగూ గౌరవం ఇస్తారు. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మన మందిరాల ముందు వరస కుర్చీలు చూస్తే ఆ మాట ఎంత నిజమో అర్థమవుతుంది.

6. మాటలు, ప్రార్థన

ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఆ ఊళ్ళో ఏ వీధో అడగడం ఎందుకో అడిగేవాడికీ, అడిగించుకునేవాడికీ తెలుసు. ఆ వరస ప్రశ్నలు మానేయండి. పెళ్ళి ఎప్పుడు, పిల్లలు ఎందుకు లేరు, జీతం ఎంత అన్నవీ వద్దు. "మీరు చిన్నప్పుడు ఇష్టంగా తిన్నదేమిటి?", "ఈ ఊరు అలవాటైందా?" లాంటివి అడిగి, వాళ్ళను మాట్లాడనివ్వండి. టీవీ కట్టేయండి.

మన ఇంట తిన్నందుకు మన ప్రసంగం వినాలన్న షరతు ఉండకూడదు. అతిథి హిందువో ముస్లిమో అయితే, భోజనానికి ముందు మన అలవాటు ప్రకారం రెండు మాటల్లో దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటామని చెప్పండి. వాళ్ళను కళ్ళు మూసుకోమని అడగొద్దు. తర్వాత వాళ్ళే ఏదైనా కష్టం చెప్పుకుంటే, "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడిగి, సరే అంటేనే చేయండి. అన్నాన్ని ఎరగా వేస్తే ఆ అన్నానికీ, ఆ సువార్తకూ రెండింటికీ మచ్చ.

7. రాత్రి ఉండేవాళ్ళు

షూనేము స్త్రీ సిద్ధం చేసిన గదిలో మంచం, బల్ల, పీట, దీపస్తంభం ఉన్నాయి. పడుకోవడానికి, రాసుకోవడానికి, కూర్చోవడానికి, చూడటానికి కావలసినవన్నీ అందులోనే వచ్చేశాయి. మన కాలానికి అందులో కలపాల్సినవి ఉతికిన దుప్పటి, తువ్వాలు, మంచినీళ్ళ సీసా, దోమల మందు, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే చోటు. బాత్రూం ఎటో, లైటు స్విచ్ ఎక్కడో ముందే చూపించండి. ప్రత్యేకం గది లేకపోతే హాల్లో ఒక మూలకు చీర అడ్డం కట్టినా అతిథికి మరుగు దొరుకుతుంది.

తెలియనివాళ్ళను రాత్రి ఉంచుకునే ముందు విచారించడం ప్రేమకు విరోధం కాదు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను చేర్చుకోమని పౌలు స్వయంగా ఉత్తరంలో రాశాడు (రోమా 16:1-2). అప్పటి సంఘాలకు అలాంటి సిఫారసు అవసరమైంది, మనకూ అవసరమే. "నేను దైవజనుణ్ణి" అని వచ్చినవారి సొంత సంఘానికి ఫోన్ చేసి కనుక్కోండి. దిదఖే అనే తొలితరం క్రైస్తవ గ్రంథం ఇంకా కచ్చితంగా చెప్పింది: వచ్చిన అపొస్తలుడు ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు, మూడు రోజులు ఉంటే, లేదా డబ్బు అడిగితే, అతడు అబద్ధ ప్రవక్త. ఇవాళ దాన్ని అక్షరాలా పాటించమనను గానీ, ఆతిథ్యాన్ని మోసగాళ్ళు వాడుకుంటారన్న ఎరుక మొదటినుంచీ సంఘానికి ఉంది.

పిల్లలు పడుకునే గదిలో అతిథిని పడుకోబెట్టకండి. వచ్చింది సేవకుడైనా, దగ్గరి బంధువైనా ఇదే నియమం. ఇంట్లో స్త్రీ ఒక్కతే ఉన్నప్పుడు మగ అతిథిని ఉంచుకోవద్దు, సంఘంలో ఇంకో ఇల్లు చూపించండి. లాడ్జి గదికి డబ్బు కట్టినా అది ఆతిథ్యమే.

అతిథిగా వెళ్ళే సేవకులకూ ఒక నియమం ఉంది. ఉన్న ఇంట్లోనే ఉండి, పెట్టింది తినమని, ఇల్లిల్లూ మారవద్దని ప్రభువు చెప్పాడు (లూకా 10:7). దీనికి వివరణ అక్కర్లేదు.

8. ఆసుపత్రి దగ్గర ఉన్నవాళ్ళు

ఇంటికి పిలవలేని ఆకలి ఒకటుంది. గుంటూరు పెద్దాసుపత్రి, హైదరాబాద్ గాంధీ, నిమ్స్ లాంటి చోట్ల రోగికి తోడుగా వచ్చినవాళ్ళు వరండాల్లో, చెట్ల కింద రోజుల తరబడి ఉంటారు. రాయలసీమ, నెల్లూరు వైపు నుంచి వెల్లూరు సీఎంసీకి వెళ్ళిన కుటుంబాలకైతే భాష కూడా ఇబ్బందే. మీ ఊరి ఆసుపత్రిలో మీ సంఘానికి తెలిసిన ఒక కుటుంబం ఉంటే, వారం రోజులు పూటకు ఒక ఇల్లు చొప్పున క్యారేజీ పంపండి. ఎవరు ఏ పూట అన్నది స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో రాసుకుంటే గందరగోళం ఉండదు. రోగికి పెట్టేది డాక్టరును అడిగి పంపాలి, తోడున్నవాళ్ళకు మాత్రం కారంగా, కడుపునిండా. వాళ్ళలో ఒకరిని ఇంటికి తీసుకొచ్చి వేణ్ణీళ్ళ స్నానం చేయించి, రెండు గంటలు పడుకోనిస్తే అది బిర్యానీ కంటే మిన్న.

9. వాళ్ళు పిలిస్తే వెళ్ళండి

జనం పాపి అని దూరం పెట్టిన సుంకరి జక్కయ్యను ప్రభువు తన దగ్గర భోజనానికి రమ్మనలేదు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని అతని ఇంటికే వెళ్ళాడు, జనం సణుక్కున్నా (లూకా 19). మీరు పిలిచినవాళ్ళు మిమ్మల్ని పిలిచినప్పుడు పనులున్నాయని తప్పించుకోకండి. ముఖ్యంగా వాళ్ళది మీకంటే చిన్న ఇల్లయినా, మీ పెద్దవాళ్ళు అడుగుపెట్టని పేటలో ఉన్నా వెళ్ళండి. పిల్లలను తీసుకెళ్ళండి. వాళ్ళు ఇచ్చిన గ్లాసులో నీళ్ళు తాగండి, బాటిల్ వెంట తీసుకెళ్ళకండి. పెద్ద పెద్ద కానుకలు పట్టుకెళ్ళి వాళ్ళ భోజనాన్ని చిన్నబుచ్చకండి, పళ్ళు చాలు. మారు వడ్డిస్తే ఒక ముద్దయినా పెట్టించుకోండి. బయల్దేరేటప్పుడు మళ్ళీ ఎప్పుడు కలవాలో అక్కడే తేల్చుకోండి, ఈసారి ఎవరింట్లో అన్నది కూడా.